గంటసేపు కుర్చీలు వెనక్కి

ఆ రోజుకి కార్యదర్శి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి ఆఫీసు తాళం తియ్యాలి, నేల తుడిపించాలి, రిజిస్టర్లు బల్ల మీద వరసగా పేర్చాలి, పదకొండింటికి వచ్చే తనిఖీ అధికారికి వేడి టీ ఇచ్చి సంతకం పెట్టించుకోవాలి. అంతే. ఇందులో ఏదైనా తేడా జరగడానికి చోటుందా అని ఆవిడ బస్సులో కూర్చుని రెండుసార్లు వెతికింది కూడా. ఎక్కడా కనిపించలేదు. కనిపించకపోవడం ఆవిడ తప్పు కాదు. ఆ తేడా అప్పటికింకా అధ్యక్షులవారి స్కూటర్ ఎక్కి దారిలో ఉంది.

సంస్థ అసలు పేరు బోర్డు మీద రెండు వరసల్లో ఉంటుంది. అంత ఓపిగ్గా ఎవరూ చదవరు కాబట్టి ఊళ్లో అందరికీ అది కుర్చీల ఆఫీసు. కాలు విరిగినవాళ్లకీ, నడుము పడిపోయినవాళ్లకీ, వయసు మీదపడి లేవలేనివాళ్లకీ అక్కడ చక్రాల కుర్చీలు, వాకర్లు, చంకకర్రలు, తలవైపు పైకి లేచే ఆసుపత్రి మంచాలు ఊరికే ఇస్తారు. అవసరం తీరాక తిరిగి తెస్తే బాగుచేసి మరొకరికి ఇస్తారు. పంతొమ్మిదేళ్లుగా ఇదే వరస. జీతం తీసుకునేది ఇద్దరే ఇద్దరు. ఒకరు ఈ కార్యదర్శి, రెండోవాడు చక్రాలు బాగుచేసే బాబాయి. బాబాయి అన్నది అతని నెరిసిన జుట్టుకి ఇచ్చిన గౌరవమే గానీ అక్కడ ఎవరికీ అతను బంధువు కాడు.

రెండేళ్లుగా కాలం బాగాలేదు. మిల్లు మూతపడింది. సైకిళ్ల ఫ్యాక్టరీ సగం మందిని ఇంటికి పంపేసింది. ఒకప్పుడు పుట్టినరోజుకీ పెళ్లిరోజుకీ పిలిచి మరీ విరాళం ఇచ్చిన షాపులవాళ్లు, ఇప్పుడు కార్యదర్శి ఎదురైతే ఏదో గుర్తొచ్చినట్టు మొహం పెట్టి రోడ్డు దాటిపోతున్నారు. మిగిలింది ఒక పెద్ద ట్రస్టు. మూడేళ్లకోసారి అది పొడిగించే సాయం మీదే హాలు అద్దె, రెండు జీతాలు, కొత్త టైర్లు అన్నీ నడవాలి. ఈసారి ఆ సంతకం పడకపోతే నెలాఖరుకి మూసెయ్యాలని కమిటీ తీర్మానం కూడా చేసేసింది. మూసెయ్యడమంటే ఏమిటో తీర్మానం రాసినవాళ్లకి తెలియదు గానీ కార్యదర్శికి తెలుసు. అరవై మూడు ఇళ్లకి వెళ్లి, కూర్చున్నవాళ్లని లేపి, కుర్చీలు లాక్కురావడం. ఆ పని తన చేత్తో చెయ్యాల్సి వస్తుందన్న తలపుకే వారం రోజులుగా ఆవిడకి తిండి సయించడం లేదు.

ఎనిమిదిన్నరకి అధ్యక్షులవారు స్కూటర్ దిగి హాలు గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఇదేంటమ్మా? దొంగలు పడ్డారా?"

"అయ్యో, లేదు అన్నయ్యగారూ. అన్నీ వాడుకలో ఉన్నాయి. మంచి సంగతే కదండీ! రిజిస్టర్లో చూడండి, ఒక్క కుర్చీ కూడా..."

"రిజిస్టరు సంగతి వదిలెయ్. నలభై ఏళ్లు ఫర్నిచర్ షాపు నడిపినవాణ్ణి నేను. కొట్టు బోసిగా కనబడిందా, వచ్చినవాడు గుమ్మంలోంచే వెనక్కి తిరుగుతాడు. ఇక్కడేముంది? రెండు వాకర్లు, బ్రేకు లేని కుర్చీ ఒకటి. ఇది చూసి ఎవడైనా సంతకం పెడతాడా?"

"ఖాళీగా ఉందంటేనే కదండీ పని జరుగుతున్నట్టు..."

"అది నీకు తెలుసు, నాకు తెలుసు. ఆయనకెలా తెలుస్తుంది? కంటికి కనపడాలమ్మా! దగ్గర్లో ఉన్నవాళ్లకి ఫోన్లు చేసి ఓ పది కుర్చీలు తెప్పించు. గంటసేపు. ఆయన అలా చూసి వెళ్లగానే ఎవరివి వాళ్లకి పంపేద్దాం."

బ్రేకు లేని కుర్చీ కింద పడుకుని పని చేసుకుంటున్న బాబాయి తల బయటికి పెట్టాడు. "ఆ గంటసేపూ వాళ్లెక్కడ కూర్చుంటారండీ?"

"మంచం మీద కూర్చుంటారు. గంటే కదయ్యా!"

"అయితే కుర్చీలెందుకు తెప్పిస్తున్నట్టు?"

"నువ్వు నీ బ్రేకు సంగతి చూడు," అన్నారు అధ్యక్షులవారు.

కాదనడం కార్యదర్శికి చేతకాదు. అంతకంటే చేతకాని పని ఇంకొకటుంది. చెడ్డ కబురు సూటిగా చెప్పడం. కుర్చీ ఖాళీ లేదని చెప్పాలన్నా ముందు పిల్లల చదువులు అడిగి, వాన సంగతి మాట్లాడి, అప్పుడు "ఏం కంగారు లేదండీ" అని మొదలుపెడుతుంది. అవతలివాళ్ల మనసు కష్టపడకూడదని ఆవిడ తాపత్రయం. ఫలితం ఏమైందంటే, ఆవిడ నోట కంగారు లేదన్న మాట వినపడిందంటే కంగారు పడాల్సిందేదో గట్టిగానే ఉందని అరవై మూడు కుటుంబాలకీ అలవాటైపోయింది. అది చాలదన్నట్టు, మిల్లు గేటుకి తాళం పడడానికి ముందురోజు అక్కడి మేనేజరు మైకు పట్టుకుని అన్న మొదటి మాట కూడా అదే.

మొదటి ఫోను పక్కవీధిలో ఉన్న హెడ్మిస్ట్రెస్‌గారికి చేసింది. రెండు మోకాళ్లూ పనిచెయ్యని రిటైరైన మనిషి, తెలివైనది, అర్థం చేసుకుంటుందని నమ్మకం.

"టీచరుగారూ, బావున్నారా? మనవరాలి పరీక్షలు అయిపోయాయా? ఏం కంగారు లేదండీ..."

అటువైపు టీవీ కట్టేసిన చప్పుడు వినిపించింది. "చెప్పమ్మా. వింటున్నాను."

"మీ కుర్చీ ఒక్క గంటసేపు ఆఫీసుకి పంపగలరా? మళ్లీ ఇచ్చేస్తాం. నిజంగా ఇచ్చేస్తామండీ."

"ఎందుకూ?"

కారణం చెబితే అధ్యక్షులవారి పరువు పోతుంది. "ఊరికేనండీ. ఒకసారి చూసుకోవడానికి."

"నా ఒక్కదానిదేనా, అందరివీనా?"

"కొంతమందివేనండీ. ప్రస్తుతానికి."

ఆ చివరి మాట ఎందుకు అన్నానా అని ఆవిడ తరవాత చాలా రోజులు అనుకుంది.

కుర్చీలు తీసుకున్నవాళ్లందరికీ కలిపి హెడ్మిస్ట్రెస్‌గారు ఫోన్లో ఒక గ్రూపు పెట్టి నడుపుతోంది. టైర్లలో గాలి ఎక్కడ కొట్టించాలి, ఏ డాక్టరు ఇంటికొచ్చి చూస్తాడు, ఏ బ్యాంకుకి మెట్లు లేవు లాంటి కబుర్లన్నీ అందులో తిరుగుతుంటాయి. ఆవిడ కళ్లజోడు సవరించుకుని అందులో రాసింది: "కుర్చీల ఆఫీసు మూసేస్తున్నారు. ముందు కొన్ని, తరవాత అన్నీ వెనక్కి తీసుకుంటారు. కుర్చీ ఒక్కటే పంపకండి. మీరూ వెళ్లండి. అందులో కూర్చుని వెళ్లండి." బడిలో నలభై ఏళ్లు పనిచేసిన అలవాటు కొద్దీ ఆఖరి వాక్యాన్ని రెండోసారి పంపింది.

ఇక్కడ కార్యదర్శి మిగతా తొమ్మిది నంబర్లూ తిప్పుతూ ఉండిపోయింది. ఒక్కటీ కలవలేదు. అందరూ ఒకళ్లకొకళ్లు ఫోన్లు చేసుకుంటున్నారు మరి. "అందరి ఫోన్లూ బిజీగా ఉన్నాయండీ," అంటే, "పనిమంతులమ్మా! కుర్చీలు పంపే ఏర్పాట్లలో ఉండుంటారు," అని అధ్యక్షులవారు తృప్తిగా టీ తాగారు.

తొమ్మిదిన్నరకి వీధి మలుపులో మొదటి కుర్చీ కనిపించింది. దాని వెనక రెండోది. ఆ వెనక నాలుగు. అధ్యక్షులవారు వరండాలో నిలబడి వేళ్ల మీద లెక్కపెట్టారు. పది దాటేసరికి మొహం వెలిగిపోయింది, ఇరవై దాటేసరికి లెక్క ఆపేశారు. దగ్గరికొచ్చాక ఆ వెలుగు కాస్త తగ్గింది.

"ఏమ్మా, కుర్చీలు మాత్రమే కదా పంపమన్నాం?"

"అవునండీ."

"మరి వాటిలో మనుషులున్నారేం?"

"ఎప్పుడూ ఉంటారండీ," అన్నాడు బాబాయి.

హెడ్మిస్ట్రెస్‌గారు అందరికంటే ముందు వరండా ఎదురుగా కుర్చీ ఆపి చేతులు కట్టుకుంది. "ఇదిగో కుర్చీ. దింపి తీసుకోండి చూద్దాం," అంది.

"అయ్యో టీచరుగారూ, అలాంటిదేం లేదండీ!" కార్యదర్శి మెట్ల మీదికి పరుగెత్తుకొచ్చి గొంతు పెంచింది. "ఎవరూ కంగారు పడకండి! ఏమీ జరగలేదు! అస్సలు కంగారు లేదు!"

ఒక్కసారిగా గుంపులో కలకలం రేగింది. వెనకవాళ్లు ఇంటిదగ్గర ఉన్నవాళ్లకి ఫోన్లు కలిపారు. ఒకావిడ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"అమ్మాయ్," అన్నాడు బాబాయి మెల్లిగా, "ఆ మాట ఇంకొక్కసారి అన్నావంటే మిగతా ఊరు కూడా వచ్చేస్తుంది."

మిగతా ఊరు రావడానికి ఆ మాట అవసరం లేకపోయింది. కొడుకులు తోసుకుంటూ, కోడళ్లు పట్టుకుని నడిపిస్తూ, వాకర్ల మీద ఒక్కో అడుగే వేస్తూ వస్తూనే ఉన్నారు. కాలికి కట్టుతో ఉన్న దర్జీ, కుర్చీ సీటు అంచు చిరిగిపోయిందని తీసుకుంటారేమోనన్న భయంతో దాన్ని ఇంటిదగ్గర కుట్టే తీరిక లేక, సూదీ దారం ఒళ్లో పెట్టుకుని దారిపొడుగునా కుట్టుకుంటూ వచ్చాడు. ఆఖరికి ఒక సామాన్ల వ్యాన్ వచ్చి ఆగింది. వ్యాన్ మీద ఆసుపత్రి మంచం, మంచం మీద దుప్పటి కప్పుకుని ఒక తాతగారు, మంచం కాళ్లు పట్టుకుని ఆయన కూతురు. తలవైపు పూర్తిగా పైకి లేపించుకుని తాతగారు వీధంతా తీరిగ్గా చూస్తున్నారు. ఎనిమిది నెలల తరవాత ఆయన ఇల్లు కదలడం అదే.

ఎదురుగా ఉన్న బట్టల షాపాయన ఇదేదో సమ్మె అనుకుని షట్టర్ దించేశాడు. అది చూసి పక్కనున్న మందుల షాపు దించేసింది. ఆ పక్కవాళ్లు కారణం కూడా అడగలేదు. ఈ రోజుల్లో షట్టర్ దింపడానికి ఎవరికీ పెద్ద కారణం అక్కర్లేదు. పావుగంటలో వీధి వీధంతా మూతపడింది, రోడ్డు నిండిపోయింది, ట్రాఫిక్ పోలీసు ఈల ఊదుకుంటూ వచ్చాడు.

"ఎవరండీ ఈ ఊరేగింపు తీసింది? పర్మిషన్ ఉందా?"

"ఊరేగింపు కాదండీ," అన్నారు అధ్యక్షులవారు చెమట తుడుచుకుంటూ. "కాస్త నిండుగా కనపడాలని తెప్పించాం."

పోలీసు వీధి ఈ చివర నుంచి ఆ చివరకి చూశాడు. "కనపడుతోంది లెండి," అన్నాడు.

సరిగ్గా అప్పుడే తనిఖీ అధికారి వచ్చాడు. దారి లేక కారు ఎక్కడో వదిలేసి, కుర్చీల మధ్యలోంచి పక్కకి తిరిగి నడుస్తూ, తోలు బ్యాగు గుండెలకి హత్తుకుని చేరుకున్నాడు. సన్నటి మనిషి. మొహంలో నిద్రలేమి కనబడుతోంది. మూడేళ్లకోసారి వచ్చే ఆ బ్యాగు కనపడగానే అధ్యక్షులవారు గుర్తుపట్టారు. మర్యాద చెయ్యాలన్న ఆత్రంలో వరండా మీద ఖాళీగా కనిపించిన ఒకే ఒక్క కుర్చీ ముందుకి లాగారు.

"కూర్చోండి సార్! మా వస్తువులు ఎంత సుఖంగా ఉంటాయో మీరే చూడండి!"

"అయ్యా, అది వద్దు, అది..." అని తాతగారి మంచం స్క్రూలు బిగిస్తున్న బాబాయి వ్యాన్ మీదనుంచి అరిచాడు. అప్పటికే అధికారి కూర్చున్నాడు. బ్రేకు లేని కుర్చీ కూర్చున్న బరువుకి చిన్నగా కదిలింది. వరండా నుంచి రోడ్డుకి కుర్చీల కోసమే కట్టిన ఏటవాలు దారి ఉంది. కుర్చీకి ఆ దారి బాగా అలవాటు.

జనం పక్కకి తప్పుకున్నారు గానీ ఊరుకోలేదు. ఏళ్ల తరబడి కుర్చీల్లో బతికినవాళ్లు.

"ముందుకి వంగకండి సార్! వెనక్కి ఆనండి!"

"చక్రాలు పట్టుకోండి! చెయ్యి మండినా వదలొద్దు!"

"ఎడమది! ఎడమది గట్టిగా!"

ఆయన ఎడమది ఒక్కటే గట్టిగా పట్టుకున్నాడు. దాంతో కుర్చీ ఉన్నచోటే మూడు చుట్లు తిరిగి, కొత్త దిక్కు చూసుకుని మళ్లీ బయల్దేరింది. పోలీసు అలవాటు కొద్దీ చెయ్యి అడ్డంగా చాపి ఈల వేశాడు. అది ఆగలేదు. చివరికి హెడ్మిస్ట్రెస్‌గారు తన కుర్చీని ఒక్క తిప్పు తిప్పి అడ్డం పెట్టింది. ధన్ మని చప్పుడైంది. ఆయన పాదం రెండు చక్రాల మధ్య ఇరుక్కుని బయటికొచ్చింది.

"ఎవరు నాయనా నువ్వు?"

"తనిఖీకి... ట్రస్టు నుంచి..." ఆయన ఆయాసపడుతున్నాడు.

"ఓహో, మూయించేది ఈయనేనా!" అని వెనకనుంచి గొంతులు లేచాయి. హెడ్మిస్ట్రెస్‌గారు చెయ్యెత్తింది. నలభై ఏళ్లు వెయ్యిమంది పిల్లల్ని ఊరుకోబెట్టిన చెయ్యి అది. వీధి సద్దుమణిగింది. ఆవిడ కార్యదర్శి వైపు తిరిగింది.

"ఇప్పుడు నువ్వు చెప్పమ్మా. ఊరికే, చూసుకోవడానికి, ప్రస్తుతానికి లాంటి మాటలొద్దు. ఉన్నదున్నట్టు చెప్పు."

కార్యదర్శి పంతొమ్మిదేళ్లుగా తప్పించుకుంటూ వచ్చిన పని ఇది. వాన గురించి అడగడానికి కూడా ఎండ కాస్తోంది. ఆవిడ మెట్టు మీద నిలబడి, మంచం తాతగారి మొహం చూస్తూ చెప్పేసింది.

"విరాళాలు ఆగిపోయాయండీ. ఈయన సంతకం పెడితే నడుస్తుంది. పెట్టకపోతే నెలాఖరుకి మూసేస్తాం. మీ దగ్గరికొచ్చి కుర్చీలు అడగాల్సింది నేనే. నాకది చేతకాదు. అందుకే ఆఫీసు నిండుగా ఉన్నట్టు కనపడాలని మిమ్మల్ని పొద్దున్నే కష్టపెట్టాం. తప్పైపోయింది."

చెప్పాక గుండెల మీంచి బరువు దిగినట్టనిపించింది. అందరి కళ్లూ అధికారి మీదికి తిరిగాయి. ఆయన బ్యాగు తెరిచి, ఒక కవరు తీసి, గొంతు సవరించుకున్నాడు.

"ముందుగా, మీరెవరూ కంగారు పడొద్దు..."

వీధంతా ఒక్కసారి నిట్టూర్చింది.

"అయిపోయింది," అన్నారు తాతగారు.

అయిపోయిన మాట నిజమే. ట్రస్టుకి డబ్బిచ్చే కంపెనీలే చేతులెత్తేశాయి. ఈ నెలతో అన్ని సంస్థలకీ సాయం ఆపేస్తున్నారు. "తనిఖీ విభాగాన్నీ ఎత్తేస్తున్నారండీ. అంటే నన్నే. ఈ ఉత్తరం పోస్టులో పంపొచ్చు. కానీ ఇన్నేళ్లు మీ టీ తాగి, పోస్టులో పంపడానికి మనసొప్పలేదు," అన్నాడు ఆయన తల దించుకుని. అప్పటిదాకా ఆయన మీద కోపంగా ఉన్నవాళ్లలోనే ఎవరో మంచినీళ్ల సీసా అందించారు.

అధ్యక్షులవారు మెట్ల మీద కూలబడిపోయారు. అంత నిండుదనమూ వృథా అయిపోయింది. కార్యదర్శి కళ్లు తుడుచుకుని, మొదట ఏ ఇంటికి వెళ్లాలా అని అరవై మూడు పేర్లూ మనసులో తిప్పుకుంటోంది. అప్పుడు వ్యాన్ మీంచి తాతగారు పిలిచారు.

"అమ్మాయ్, నాకో సందేహం. కుర్చీలన్నీ మా ఇళ్లల్లో ఉంటాయి కదా. మరి ఈ హాలు దేనికి?"

"సామాను పెట్టుకోవడానికండీ," అన్నారు అధ్యక్షులవారు నీరసంగా.

"ఏ సామాను?"

అధ్యక్షులవారు వెనక్కి తిరిగి హాల్లోకి చూశారు. నేల తళతళలాడుతోంది. మూలన రెండు వాకర్లు ఉన్నాయి. ఆ ప్రశ్నకి జవాబు ఎంత వెతికినా ఆ హాల్లో దొరకలేదు.

"మా వీధిగది ఖాళీగానే ఉంది. కొట్టు ఎత్తేశాం," అంది తాతగారి కూతురు. "రిజిస్టర్లకీ బాబాయిగారి పనిముట్లకీ సరిపోతుంది. అద్దె అదీ ఏమీ వద్దు."

"నా ఇద్దరు కొడుకులూ సైకిళ్ల ఫ్యాక్టరీలో చక్రాలు బిగించినవాళ్లే," అందొకావిడ. "ఇంట్లో కూర్చుని నా బుర్ర తింటున్నారు. తీసుకుపొండి." దర్జీ తలెత్తకుండానే సీట్లు తను కుడతానన్నాడు. కార్యదర్శి అందరినీ మార్చి మార్చి చూస్తూ, వద్దండీ, మీకెందుకండీ శ్రమ, ఇచ్చినదానికి బదులు అడిగినట్టుంటుంది అని నీళ్లు నమిలింది.

హెడ్మిస్ట్రెస్‌గారికి ఒళ్లు మండిపోయింది. "ఎక్కడో ఉన్న ట్రస్టుని మూడేళ్లకోసారి బతిమాలతావు. ఎదురుగా ఉన్న మమ్మల్ని ఒక్కసారైనా ఏదైనా అడిగావా? మేం లేవలేనివాళ్లమే, ఒప్పుకుంటాను. చేతకానివాళ్లమని నీకెవరు చెప్పారు?" అంది. తరవాత గొంతు తగ్గించింది. "ఎప్పుడూ పుచ్చుకుంటూ కూర్చోవడం ఎంత కష్టమో నీకేం తెలుసే, పిచ్చిదానా."

ఆ మాటకి కార్యదర్శి నిజంగానే ఏడ్చేసింది. ఈసారి ఎవరూ కంగారు పడలేదు.

మధ్యాహ్నానికి నియమం ఒకటి తయారైంది. ఏ వస్తువు తీసుకున్నా సరే, ఆ ఇంటినుంచి ఎవరో ఒకరు వారానికి రెండు గంటలు ఆఫీసు పని చెయ్యాలి. బాగుచెయ్యడమో, ఫోన్లు ఎత్తడమో, కుర్చీ ఒక ఇంటినుంచి ఇంకో ఇంటికి చేర్చడమో, ఏది చేతనైతే అది. రిజిస్టరు హెడ్మిస్ట్రెస్‌గారు ఒళ్లోకి లాక్కుంది, ఇక దాన్ని ఎవరికీ ఇచ్చేలా లేదు. హాలు ఖాళీ చేస్తున్నట్టు ఉత్తరం రాసే బాధ్యత అధ్యక్షులవారి మీద పడింది. రెండు జీతాల సంగతి మాత్రం ఆ రోజుకి తేలలేదు. సగం వచ్చినా ఉంటానని బాబాయి అన్నాడు. నేనూ అంతే అంది కార్యదర్శి, ఇంట్లో ఎలా చెప్పాలా అని ఆలోచిస్తూ. షట్టర్లు ఒక్కొక్కటే పైకి లేచాయి. హెడ్మిస్ట్రెస్‌గారిది తప్ప మిగతా కుర్చీలు ఎలా వచ్చాయో అలాగే మనుషులతో సహా తిరిగి వెళ్లిపోయాయి.

అధికారి కూడా వెళ్లిపోదామని లేచి, కెవ్వుమని మళ్లీ కూర్చున్నాడు. చీలమండ గుమ్మడికాయలా వాచిపోయింది. బాబాయి నొక్కి చూసి, ఎముక బాగానే ఉంది, మూడు వారాలు బరువు మోపకూడదన్నాడు. కార్యదర్శి మూలనున్న రెండు వాకర్లలో పొడవైనది తెచ్చి ఎదురుగా పెట్టింది.

"ఊరికే ఇస్తారా?" అన్నాడాయన మొహమాటంగా.

"ఊరికేనండీ," అంది కార్యదర్శి.

"ఒక్క నిమిషం," అంది హెడ్మిస్ట్రెస్‌గారు. రిజిస్టర్లో అరవై నాలుగో వరస తెరిచి, ఆయన పేరూ చిరునామా రాసుకుని, కొత్త నియమం మొదటినుంచి చివరిదాకా చదివి వినిపించి, కలం చేతికిచ్చింది. "ఏ పని వచ్చు నీకు?"

ఆయన కాస్త ఆలోచించాడు. "ఇన్నాళ్లూ వెళ్లిన చోటల్లా లోపాలు వెతకడమే నా పనండీ."

"బ్రేకులు చూడు," అన్నాడు బాబాయి.

పంతొమ్మిదేళ్లలో ఏ కాగితం మీదా పడనంత త్వరగా ఆ ట్రస్టు అధికారి సంతకం పడింది, వారానికి రెండు గంటలు బాకీ ఉన్నట్టు.